పాలు పోసిన టైరు

నిద్రలో కూడా కాళ్లు తిరుగుతూనే ఉండే వయసు ఒకటుంటుంది. నాకది ఇరవై మూడో ఏట వచ్చింది. అప్పుడు పొద్దున లేస్తూనే ఏం తినాలన్న ఆలోచన కాదు, ఏ దారిన పోవాలన్న ఆలోచనే వచ్చేది. ప్రొద్దుటూరులో మా చిన్నాయన బట్టల అంగట్లో మీటరు కర్ర పట్టుకొని రవికె గుడ్డ కొలుస్తూ ఉంటే, కొలిచే కొద్దీ ఆ గుడ్డ పొడుగ్గా సాగిపోయి, నా కళ్లకు జమ్మలమడుగు రోడ్డయిపోయేది. ("మీటరు అడిగితే మీటరుంబావు చించినాడు సూడు, వీని మనసు యాడుందో!" అని చిన్నాయన అరిస్తే తప్ప రోడ్డు మళ్లీ గుడ్డ అయ్యేది కాదు.)

ఆ కలలన్నిటికీ మూలం ఒక రేసు సైకిలు. బెంగుళూరులో ఎవరో కొన్నాళ్లు తొక్కి వదిలేస్తే, తెలిసినవాళ్ల ద్వారా నా దగ్గరికి వచ్చింది. దాని టైర్లు బొటనవేలంత సన్నం. మామూలు సైకిలుకు టైరు వేరు, లోపలి ట్యూబు వేరు గదా. దీనికి అట్లా కాదు. ట్యూబును లోపలే పెట్టి టైరును చుట్టూ మూసేసి, ఆ మొత్తాన్నీ జిగురుతో చక్రానికి అతికించేశారు. విప్పడానికి ఎక్కడా సందు కనపడదు. గట్టిగా గాలి కొట్టి తొక్కితే తారు రోడ్డు మీద తేనెటీగలు ముసిరినట్టు సన్నటి రొద వచ్చేది. ఆ రొద వినడానికే నేను కోడికంటే ముందు లేచేవాణ్ణి.

కానీ మా సీమ రోడ్లకు ఆ రొద గిట్టలేదు. మా చేలగట్ల మీద పల్లేరుకాయలని కాస్తాయి. శనగగింజంత కాయ, నాలుగు పక్కలా ముళ్లు, ఎట్లా పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంటుంది. మొదటి నెలలో ఎన్నిసార్లు ఆ సైకిలును భుజాన వేసుకొని ఇంటికి నడిచొచ్చానో లెక్కలేదు. "నువ్వు సైకిలు కొన్న్యావా, సైకిలు నిన్ను కొన్న్యాదా?" అని వీధిలో ఆడవాళ్లు అడిగేవాళ్లు. అప్పుడు తెలిసింది సీలెంటు అనే మందు సంగతి. చిన్న సీసాలో చిక్కటి పాలలాగా ఉంటుంది. గాలికొట్టే మూతిలోని సన్నటి పిన్ను విప్పి, లోపలికి కొంచెం పోసి, మళ్లీ బిగించి చక్రం తిప్పాలి. ముల్లు దిగినప్పుడు గాలితోపాటు ఆ పాలు రంధ్రం దగ్గరికి ఉరికి, అక్కడే రబ్బరుగా గట్టిపడి దాన్ని మూసేస్తాయి. సీసా మూత మొదటిసారి తీసినప్పుడు ఆ వాసనకు మా అమ్మ, పిల్లి ఎక్కడో ఉచ్చ పోసిందని మంచాల కిందంతా వెతికింది. నాకు మాత్రం అది మల్లెపూల వాసన.

మా వీధి చివర బుడగల తాత పంక్చర్ల అంగడి ఉండేది. ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాడు, అందుకే ఆ పేరు. (మనుషుల ముఖాల్లోకి కూడా అట్లాగే చూసేవాడు. ఆ చూపు ముందు అబద్ధం ఆడితే మన ముఖం మీద ఎక్కడో ఒక బుడగ లేస్తుంది.) కొత్త సీసా వచ్చిన సంబరంలో నేను తిన్నగా అక్కడికి పోయాను.

"తాతా, ఇంక నీ తొట్టి కోళ్లకు నీళ్లు పోసేదానికి పెట్టుకో. ఈ పాలుంటే పంక్చరంగడితో పనే ల్యా."

అక్కడున్న నలుగురూ నవ్వారు. తాత నవ్వలేదు. సీసా తీసుకొని వాసన చూసి, "ఏం పాలప్పా ఇవి? ఎనుమువా, మేకవా?" అన్నాడు. తర్వాత చేతులు లుంగీకి తుడుచుకొని, "సరే. ఆదివారం పొద్దున జమ్మలమడుగు మింద పులివెందులకు పోదాం. నువ్వు సైకిలు మింద, నేను మోపెడ్ మింద నీ యెనకాల. నా చెయ్యి పడకుండా నువ్వు పులివెందుల చేరితే నీ పాలే ఉస్తాదు. చేరకపోతే ఒకరోజంతా నా అంగట్లో కూచ్చోని, వచ్చినోళ్లందరికీ గాలి కొట్టాల," అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. శనగ కోతల కాలం. మంచు నేలను పట్టుకొని పాకుతోంది. నల్లరేగడి చేలు కనపడవు, చేలల్లో మనుషుల తలలు మాత్రం తేలుతున్నట్టు కనపడుతున్నాయి. కింద టైర్ల రొద, వెనక దూరంగా మోపెడ్ టకటక. ఆ రెండు శబ్దాల మధ్య నేను ఎక్కడికో పోతున్నానని కాక, రోడ్డే మెల్లగా నా కిందికి వచ్చి వెనక్కి పోతున్నదని అనిపించింది. ఒంటికి అతుక్కుపోయే నల్లటి పొట్టి నిక్కరు వేసుకున్నాను, అది వేసుకుంటే నేను గాలినని నా నమ్మకం. (చూసినవాళ్ల నమ్మకం వేరు. ఒక బస్సులోనుంచి ఎవరో, "ప్యాంటు యాడ పోగొట్టుకుంటివప్పా?" అని అడిగిపోయారు.)

జమ్మలమడుగు ఇంకా రాకముందే మొదటి ముల్లు దిగింది. బుస్సుమని శబ్దం, వెనకనుంచి నా వీపు మీద, మెడ మీద తెల్లటి చినుకులు. దిగి, రంధ్రం కిందివైపు వచ్చేటట్టు చక్రం నిలిపాను. బుసబుస తగ్గింది. తుస్సుమంది. ఆగిపోయింది. రెండు దెబ్బలు గాలి కొట్టి, చేతులు రెండూ పైకెత్తి రోడ్డు మీదే గంతులేశాను. తాత మోపెడ్ మీద కూర్చొనే ఆ తెల్లటి చుక్క వంక తన బుడగల చూపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక్క బుడగా రాలేదు.

జమ్మలమడుగు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే తాత ఉన్నట్టుండి అన్నాడు: "బలే ఉండాదప్పా నీ మందు. నేను అల్లునితో ఒక మాటన్న్యాలే."

"ఏం మాట తాతా?"

"ఇప్పుడు మోటరు సైకిళ్లకు ట్యూబే ల్యా. సైకిళ్లు తొక్కేటోళ్లు ల్యారు. అంగడి మూసేసి మైదుకూరికి వచ్చెయ్యమని అల్లుడు శానా దినాలనుంచి అడుగుతాండాడు. నా చేతికి లొంగని టైరు ఒకటి చూపీరా, ఆ పొద్దే తాళమేస్తా అని చెప్పినా. నీ సైకిలొచ్చె." టీ గ్లాసు కింద పెట్టి చిన్నగా నవ్వాడు. "పాలు గెలిస్తే సోమవారం మైదుకూరికి పోతా. మనవరాలుండాది ఆడ, మంచిదేలే."

నలుగురి ముందు నేను నోటికొచ్చినట్టు వాగిన వాగుడు ఎక్కడ తగిలిందో అప్పుడు తెలిసింది.

పెన్న వంతెన మీద తెల్లటి ఇసుక మధ్య సన్నటి నీటిపాయ ఎండకు మెరుస్తుంటే, వేరే రోజులైతే అక్కడ ఆగి కలలు కనేవాణ్ణి. ఆ రోజు ఆగలేదు. వంతెన దాటేలోపలే నిర్ణయించుకున్నాను, ఓడిపోవాలని. గెలవడం కష్టమని అందరూ అంటారుగానీ, ఆ రోజు ఓడిపోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. రోడ్డు పక్కకు దిగి పల్లేరు తీగలు ఎక్కడ ఒత్తుగా ఉంటే అక్కడ తొక్కాను. బుస్సుమనేది, పాలు చిమ్మేది, మూసుకునేది. ముందు చక్రం, వెనక చక్రం, మళ్లీ ముందు చక్రం. ఒకచోట రెండు ముళ్లు ఒకేసారి దిగాయి. ఇది చాలు దేవుడా అనుకున్నాను. రెండూ మూసుకున్నాయి! ఆ సీసా తయారుచేసినవాణ్ణి ఆ పూట నేను తిట్టినంతగా ఏ పంక్చరంగడివాడూ తిట్టి ఉండడు. ముద్దనూరు చేరేసరికి నా ముఖం, చొక్కా, కనుబొమ్మలు తెల్లటి చుక్కలతో సున్నం కొట్టే కూలీలాగా ఉన్నాయి. టైరు మాత్రం గట్టిగా, నిగనిగలాడుతూ ఉంది.

ఇంక లాభం లేదనుకొని ఆశ వదిలేసి, తొండూరు వైపు మామూలుగా తొక్కుతున్నాను. నాపరాళ్ల లారీ ఏదో పోయినట్టుంది, రోడ్డు మీద రాతిపెచ్చులు పడి ఉన్నాయి. నేను చూడనేలేదు. టప్పుమంది. ఈసారి బుస్సు కాదు, తెల్లటి ధార ఒకటి నా నెత్తిదాకా లేచి పడిపోయింది. చక్రం నేలకు ఆనింది. చూస్తే గోరంత కోత. సీసాలో మిగిలిందంతా పోశాను, పోసినదంతా కోతలోనుంచి రోడ్డు మీదికి వచ్చి, నా చెప్పుల చుట్టూ చేరింది.

తాత మోపెడ్ ఆపాడు. దిగలేదు.

"నువ్వు ముండ్లు ఏరుకోని తొక్కుతాండేది నాకు కనపళ్లేదనుకుంటివా?"

నేను ఖాళీ సీసాకు మూత బిగించాను.

"ఇది గూడా కావాలని చేసింటే చెప్పు. ఈన్నుంచే తిరిగిపోతా. నీ జాలి మింద అంగడి నడుపుకునేంత ఖర్మ నాకు ల్యా."

"ముండ్లు తొక్కింది నిజమే తాతా. ఇది మాత్రం కాదు. మా అమ్మ తోడు."

తాత నా ముఖంలోకి చూశాడు. బుడగ లేవలేదు కాబోలు, దిగివచ్చి కోతలో వేలు పెట్టి రాతిపెచ్చును బయటికి తీశాడు. దాన్ని ఎండకు పట్టి చూసి, తృప్తిగా జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత రెండు బొటనవేళ్లతో టైరును చక్రం నుంచి అంగుళం అంగుళంగా ఊడబెరికాడు. లోపలివైపు ఒక గుడ్డపట్టీ అంటించి ఉంది. దాన్ని బ్లేడుతో మెల్లగా లేపాడు. లేపి, ఒక్కసారిగా అరిచాడు.

"కుట్టినార్రా! ఇది కుట్టిన టైరప్పా! చూడు, దారం!"

నిజమే. పట్టీ కింద వరసగా కుట్లు. ఇన్ని నెలలు నేను దాని మీద ఊరేగి, దాని గురించి ఊరందరికీ చెప్పి, ఆ కుట్లు ఒక్కసారైనా చూడలేదు. తాత కోత దగ్గర నాలుగు కుట్లు కోసి, లోపలినుంచి పల్చటి ట్యూబును పేగులాగా బయటికి లాగాడు. "దీనికీ కడుపులో గొట్టముండాది! ఇంతేనా! ఇంతేనా నీ మిడిసిపాటు?" అని టైరుతోనే మాట్లాడుతున్నాడు. ట్యూబును తుడిచి, గీకి, సొల్యూషన్ పూసి ముక్క అంటించాడు. టైరు కోతకు లోపలినుంచి తన సామాన్ల సంచి అంచు కత్తిరించి అతికించాడు. అంతా అయ్యాక తల గోక్కున్నాడు. "కుట్టేదానికి సూది యాడుందప్పా?"

రోడ్డు కింద కళ్లంలో ఒక పెద్దామె శనగల గోతాల మూతులు కుడుతోంది. నేను పరుగెత్తాను. ఒళ్లంతా తెల్లటి చుక్కలు, జానెడు నిక్కరు. ఆమె దబ్బనం పట్టుకున్న చెయ్యి అట్లాగే గాల్లో ఆగిపోయింది.

"ఎవరి బిడ్డవు నాయనా? ఏ ఊరు? ఒంటిమింద గుడ్డల్యాకుండా పంపించినారే ఇంట్లోవాళ్లు!"

"ప్రొద్దుటూరమ్మా. మాది బట్టలంగడి," అన్నాను.

ఆమె నవ్వు ఆపుకోవడానికి గోతం మీద వాలిపోయింది. నవ్వీ నవ్వీ, సూదీ దారం తీసుకొని తనే పైకి వచ్చింది. తాత కుట్టడం రెండు కుట్లదాకా చూసి ఉండబట్టలేక, "అట్లగాదు పెద్దాయనా, దారం బిగిస్తే చినుగుతాది. ఇట్ల తియ్," అని టైరు లాక్కుంది. ట్యూబుకు సూది తగలకుండా తాత రేకుముక్క అడ్డం పెట్టి పట్టుకున్నాడు, ఆమె కుట్టింది. నేను పక్కన నిలబడి ఇద్దరికీ నీడ పట్టాను, నా వల్ల అయిన పని అదొక్కటే. పట్టీ అంటించి, టైరును చక్రానికి ఎక్కించి, గాలి కొట్టాం. ముగ్గురం వంగి చెవులు పెట్టి విన్నాం. దూరంగా ఎవరో ఎద్దును అదిలిస్తున్న కేక తప్ప ఏమీ వినపడలేదు.

కుట్టిన చోట చిన్న గూను తేలింది. చక్రం తిరిగినప్పుడల్లా గుదుక్కుమని ఎగిరేది. తేనెటీగల రొద, గుదుక్కు; రొద, గుదుక్కు. ఆ తాళానికి కళ్లు మూతలు పడుతుంటే చీనీతోటలు, అరటితోటలు దాటుకుంటూ పొద్దు వాలేవేళకు పులివెందుల చేరాం.

ఊరి మొదట్లో తాత మోపెడ్ ఆపి, "ఒకతూరి నేను తొక్కచ్చునా?" అన్నాడు. లుంగీ ఎగగట్టి ఎక్కాడు. మొదట వంకరగా, తర్వాత తిన్నగా, తోటల మధ్య రోడ్డులో చిన్నగా అయిపోయాడు. ఎంతసేపటికీ రాలేదు. నేను మోపెడ్ పట్టుకొని నిలబడి, పందెం నిజంగానే ఓడిపోయానని చెప్పడానికి మంచి మాటలు వెతుక్కుంటున్నాను. తిరిగొచ్చినప్పుడు ఆయన ముఖం కడిగినట్టుంది. సైకిలు దిగి, కుట్టును బొటనవేలితో నొక్కాడు. "గాలి నిలిచె," అన్నాడు. పందెం ఊసే ఎత్తలేదు.

మర్నాడు ఆయన అంగడి ముందు కొత్త పలక వేలాడింది: 'ఇచట కుట్టు టైర్లు బాగుచేయబడును.' ప్రొద్దుటూరు మొత్తానికీ కుట్టు టైర్ల సైకిలు ఒక్కటే ఉండేది, అది నాది. అయినా ఆ పలక ఆరేళ్లు వేలాడింది. ఆ తర్వాత మోకాళ్లు మొండికేసినప్పుడు, తాళం తనే వేసుకొని, తనకు తోచిన రోజు మైదుకూరికి పోయాడు.

మొన్న ఫోను చేశాడు. మాటల మధ్య, "సైకిలు తొక్కుతాండావా?" అని అడిగాడు.

"తొక్కుతాండా తాతా. నిన్న గూడా జమ్మలమడుగు దాకా పోయొచ్చినా," అన్నాను. ఫోనులో ముఖం కనపడదు గదా అన్న ధైర్యం.

అవతల నవ్వు వినపడింది. "సరేలే. ముందు గాలి కొట్టు," అన్నాడు.

మిద్దె మీద గదిలోకి పోయి సైకిలు మీద బూజు దులిపాను. గాలి కొడుతుంటే పదో దెబ్బకే రొప్పు వచ్చింది. పాత నిక్కరు తొడ దగ్గరే ఆగిపోతే, పంచె ఎగగట్టుకొని సైకిలును కిందికి దించాను. "యాడికి?" అంది నా భార్య. "జమ్మలమడుగుకు," అన్నాను గట్టిగా. వీధి మలుపు దాకా పోయి, వేపచెట్టు నీడలో దిగి, హ్యాండిలు మీద తల ఆనించి ఊపిరి పీల్చుకుంటూ చాలాసేపు నవ్వుకున్నాను.