నా బేజారు, పద్మజ హార్మోనియం

ఈసారి శ్రీరామనవమి ఇంకా పదిహేను రోజులుందనగా మా భజన మండలికి ఉన్న ఒకే ఒక్క హార్మోనియాన్ని నా నోటితో నేనే పోగొట్టాను. పెట్టె పోలేదండీ, పెట్టె వాయించే మనిషి పోయింది. తిరిగి ఎలా తెచ్చుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. రాముడి దయవల్ల జనం నవ్వితే నాకిష్టమే. మైకు ఇస్తే ఇంకా ఇష్టం.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. మేము నాలుగు తరాలుగా బెంగళూరు తెలుగువాళ్లం. తాతల కాలంలో చిక్కపేటలో చీరల అంగడి ఉండేది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ వీధిలోని కన్నడం చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చేసింది. అలా వచ్చిందే బేజారు. పాలు విరిగితే బేజారు. కరెంటు పోతే బేజారు. కూతురు ఊరెళ్తే బేజారు. మా మామగారు పోయినప్పుడు కూడా మా అత్త వాకిట్లో కూర్చుని, "శానా బేజారుగా ఉండాదప్పా" అని ఊరుకుంది. వచ్చినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. ఇంకో మాట అవసరం ఎవరికీ రాలేదు.

మా అమ్మాయి సహనకు మాత్రం ఆ అవసరం వచ్చింది. దానికి మారతహళ్ళిలో ఉద్యోగం. ఆఫీసులో ఏదో ట్రైనింగ్ పెట్టారట, మన ఫీలింగ్స్‌ని మనమే విడివిడిగా గుర్తుపట్టడం ఎలాగని. కోపం వేరు, విసుగు వేరు, నొచ్చుకోవడం వేరు, పేరు తెలియనిదాన్ని అదుపులో పెట్టలేమట. ఆ చదువంతా ఇంటికి తెచ్చి నా మీద ప్రయోగించింది. బేజారు అనే మాట ఇంట్లో నిషేధం. దేవుడి గది పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, రోజుకు మూడుసార్లు ఏమనిపిస్తోందో రాయమంది.

మొదటిరోజు రాశాను. పొద్దున, బేజారు. మధ్యాహ్నం, కొంచెం బేజారు. సాయంత్రం, సాంబారులో ఉప్పెక్కువ.

"అమ్మా, ఉప్పు ఫీలింగ్ కాదు," అంది సహన.

నేనూ వాదించాను. మన పెద్దలు కామక్రోధాలని మొదలుపెట్టి మాత్సర్యం దాకా ఆరు లెక్కపెట్టి ఇచ్చారు, నాలాంటిదానికి ఆరు చాలవా అన్నాను. ట్రైనింగ్‌లో దానికిచ్చిన చార్టులో పేజీ నిండా ఉన్నాయి. చివరికి అదే దిగొచ్చి, పేర్లు తర్వాత, ముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూసుకో అంది. ఇది నాకు బాగా పట్టుబడింది. కోపం నాకు చెవుల్లో వస్తుంది. బాధ గొంతులో. భయం మోకాళ్లలో, అయితే అందులో కొంత కీళ్లనొప్పి కూడా కావచ్చు.

ఇప్పుడు పద్మజ. ఆమెది గుంటూరు. మూడేళ్ల కిందట బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంట్‌కే వచ్చింది. ప్రతి శనివారం క్లబ్‌హౌస్‌లో మా భజన. నేను పాడతాను, ఆమె హార్మోనియం వాయిస్తుంది, మిగతావాళ్లు తాళాలు వేస్తూ వంత పాడతారు. ఆ శనివారం నా గొంతు బొంగురుపోయి, ఒక పాట మీరే పాడండి అన్నాను. ఇంకా ఎన్నాళ్లు నన్నిలా ఉంచుతావయ్యా అని భక్తుడు దేవుణ్ణి నిలదీసే పాట. ఎంత బాగా పాడిందంటే తాళాలవాళ్లు తాళం మరిచిపోయారు. ఇంకోసారి అన్నారు. పాడింది. మళ్లీ ఇంకోసారి అన్నారు. ఇన్నేళ్ల భజనలో నన్నెవరూ రెండోసారి పాడమన్న గుర్తు లేదు.

అయ్యాక నా దగ్గరికొచ్చి ఎలా ఉందని అడిగింది. ఆ క్షణాన నోటుబుక్కు గుర్తుకు రాలేదు, పాత మాటే వచ్చింది.

"ఏం చెప్పేదప్పా, మీ పాట విని నాకు శానా బేజారైపోయింది."

మాలో దీనికన్నా పెద్ద మెచ్చుకోలు లేదు. పాట గుండెను పట్టి కుదిపితేనే అలా అంటాం. పద్మజ హార్మోనియం మూసింది, గుడ్డ కప్పింది, ప్రసాదం తీసుకోకుండా వెళ్లిపోయింది. సాయంత్రానికి మెసేజ్. ఇకమీద భజనకు రావడం కుదరదు, నవమికి వేరేవాళ్లను చూసుకోండి అని.

సహనకు చూపిస్తే తల పట్టుకుంది. గుంటూరు వైపు బేజారెత్తడమంటే ప్రాణం విసిగిపోవడమట. అంటే నేను నలుగురి ముందు, నీ పాటతో నన్ను చంపావు అన్నట్టు. మూడేళ్లుగా నా బేజారు ఆమె వింటూనే ఉంది. అయితే అవన్నీ పాల మీదా, కరెంటు మీదా, లిఫ్టు మీదా. అక్కడ ఏ అర్థమైనా సరిపోతుంది.

నవమినాడు గుడి హాలులో మా కార్యక్రమం. హార్మోనియం లేకుండా నేను పాడితే, మొదలుపెట్టిన శ్రుతికీ ముగించే శ్రుతికీ చుట్టరికం ఉండదు. ఆ సంగతి మా మండలిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడే డబ్బా నిండా నిప్పట్లు, గుంటూరువాళ్లు చెక్కలంటారే అవి, తీసుకుని పద్మజ ఇంటికి వెళ్లాను.

కాఫీ ఇచ్చింది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉన్నా దూరంగా కూర్చుంది. నేను మా చిక్కపేట బేజారు గురించీ, మా అత్త గురించీ, అంతా విడమరిచి చెప్పాను. వింటూ వింటూ ఆమె మొహం కొంచెం వదులైంది.

"అయితే నా పాటకు మీకు ఏడుపొచ్చిందా అక్కయ్యగారూ?" అంది.

అవునంటే అక్కడితో అయిపోయేది. కానీ నేను మూడు వారాలుగా నోటుబుక్కు రాస్తున్న మనిషిని. లోపల వెతుక్కున్నాను. గొంతులో ఏమీ లేదు. చెవులు చల్లగా ఉన్నాయి. కడుపులో మాత్రం, బొడ్డుకు కాస్త పైన, పచ్చిమిరపకాయ నమలకుండా మింగినట్టు ఒక మంట. జనం రెండోసారి 'ఇంకోసారి' అన్నప్పుడు మొదలైన మంట. దాని పేరు సహన చార్టులో ఉంది, పెద్దల ఆరింటిలోనూ ఉంది.

"ఏడుపు కాదు పద్మజమ్మా," అన్నాను. "అసూయ."

పద్మజ కాఫీ గ్లాసు కింద పెట్టింది. నవమికి హార్మోనియం లేదని నేను ఖాయం చేసుకున్నాను.

"నా పాట మీదా?"

"మీ పాట మీదే."

"మీకా?"

"నాకే."

ఆమె లోపలి గది వైపు తిరిగి, "ఏమండీ, ఒకసారి ఇట్రండి, అక్కయ్యగారు ఏమంటున్నారో వినండి," అని భర్తను పిలిచింది. ఆయన ముందు మళ్లీ చెప్పించింది. తర్వాత గుంటూరులో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసి మూడోసారి చెప్పించింది. నాకు జనం ముందు మాట్లాడడం ఇష్టమే, కానీ ఈ విషయం మీద ఇన్ని ప్రదర్శనలు ఇస్తాననుకోలేదు. ఆ చెల్లెలు వదిలిందా, ఏ చరణం దగ్గర మొదలైందండీ అని అడిగింది. చరణం కాదమ్మా, రెండో 'ఇంకోసారి' దగ్గర అని చెప్పాను.

ఫోను పెట్టేసి పద్మజ కళ్లు తుడుచుకుంది. చిన్నప్పటినుంచి పాడుతోందట. బాగుంది, బాగుంది అని అందరూ అంటారట, ఇంత గట్టిగా మాత్రం ఎవరూ మెచ్చుకోలేదట. నిప్పట్లు నాకే రెండు పెట్టింది.

నవమికి వచ్చింది. వాయించింది. ఒక పాట పాడింది కూడా, దానికే 'ఇంకోసారి' అన్నారు. ఇప్పుడు ప్రతి శనివారం తన పాట కాగానే హార్మోనియం మీద నుంచి నా వైపు వంగి, చిన్న గొంతుతో అడుగుతుంది, "ఈవేళ కూడా వచ్చిందా అక్కయ్యగారూ?" అని. ఏ రోజైనా రాలేదంటే మొహం చిన్నబుచ్చుకుంటుందేమో. అలాగని ఎదురుగా రాముడి పటం పెట్టుకుని అబద్ధం ఆడలేను.

ఇంతవరకైతే ఆడాల్సిన అవసరం రాలేదు.