చీటీలో నా కూతురి పేరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! పోయిన ఏడాది నా ఇంట్లో ఏడుపు తప్ప ఇంకో చప్పుడు లేదు, అలాంటి నేను ఇవాళ మీ ముందు సంతోషం పట్టలేక మాట్లాడుతున్నానంటే నా గొప్పేం లేదు, దేవునికే మహిమ!

నేను చిక్కడపల్లిలో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. భర్త పోయాక నా ఒక్కగానొక్క కూతురు ప్రశాంతిని ఈ నారాయణగూడ మందిరంలోనే, ఈ బెంచీల మధ్యనే పెంచాను. ఆ పిల్ల అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కు వెళ్తూ ఒకరోజు దరఖాస్తు నింపుతుంటే చూశాను, మతం అన్న చోట 'లేదు' అని రాసింది! "ఇదేందే?" అన్నాను. "నాకు నమ్మకం లేదమ్మా, లేనిది ఉన్నదని ఎట్ల రాయాలె?" అంది. నా ప్రాణం పోయినంత పనైంది.

అప్పుడు నేనేం చేశానో మీకందరికీ తెలుసు. ఆదివారం మనం ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తాం, పాస్టరుగారు మైకులో చదువుతారు కదా, ఆ చీటీలో "నా కూతురు ప్రశాంతి దేవుణ్ణి వదిలి నాశనమైపోతున్నది" అని వారం వారం రాశాను! అది ప్రార్థనే అనుకున్నాను. కొన్నాళ్లకు కిరాణా కొట్టు దగ్గర కూడా మనవాళ్లు పిల్లను ఆపి బుద్ధి చెప్పడం మొదలుపెట్టారు. "దేవునికి చెప్తున్నవా, బస్తీకి చెప్తున్నవా అమ్మా?" అని ఒక్క మాట అడిగి, బట్టలు సర్దుకుని అశోక్‌నగర్ హాస్టల్‌కు వెళ్లిపోయింది. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరమే, సహోదరులారా! ఏడు నెలలు నేను ఆ దూరం నడవలేదు. పంతం! భక్తి అనుకున్నదంతా పంతమే!

అంతలో నా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు కుట్టొద్దు, చదవొద్దు అన్నారు. బైబిలు చేతిలో ఉంది, వాక్యంలో ఒక్క అక్షరం ఆనలేదు. ఒక ఉదయం మంచం మీదే కూర్చుని మొరపెట్టాను: "తండ్రీ, నా బిడ్డను నలుగురిలో నవ్వులపాలు చేసి, దానికి నీ పేరు పెట్టుకున్నాను. ఆమెను మార్చమని ఇక అడగను, నన్ను మార్చు. నా నోటికి తాళం వెయ్యి, నా కాళ్లు కదిలించు!" ఆ మాట అంటుంటేనే గుండెల మీది బరువు దిగిపోయింది, అబ్బ, ఏం చెప్పను ఆ ఆనందం! నల్లద్దాలు పెట్టుకుని, ఆటోల మధ్య తడుముకుంటూ, స్తోత్రం స్తోత్రం అనుకుంటూ హాస్టల్ దాకా నడిచాను! గేటు దగ్గర "తప్పు నాదే బిడ్డా" అన్నాను. పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఆ రోజే ఇంటికొచ్చింది. అన్నం వండింది, కంట్లో మందు వేసింది, ఆ తర్వాత తనంతట తానే నా బైబిలు తెరిచింది! "నేను నమ్మనమ్మా, నీకు ఎర్కనే. కానీ ఇది వినకుంటే నీకు ముద్ద దిగదు గదా" అని చదివింది. రోజూ చదువుతోంది. నేను ఒక్కనాడు కూడా "ఇప్పుడన్నా నమ్ముతావా" అని అడగలేదు, నా నోరు ఎరిగినవాళ్లకు తెలుసు అదెంత అద్భుతమో!

మరి పిల్ల మారిందా అంటారేమో. లేదు. విడుదల పొందింది నేను! మన వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి, మా పిల్లలూ రామంటున్నారని ఎందరో తల్లులు నాతో చాటుగా చెప్పుకుంటున్నారు. అమ్మలారా, ఆ పిల్లలను దేవుని చేతికి వదలండి, ఆయన్ను నమ్మండి, మీరు మాత్రం వాళ్ల గుమ్మం దాకా నడవండి.

ఈ వారం చీటీలో నా పేరే ఉంది. నేను చెబుతుంటే ప్రశాంతే రాసింది: "నా కూతురిని నాకు తిరిగి ఇచ్చినందుకు స్తోత్రం." రాసి, నవ్వింది. నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి ఇప్పుడు బయట గేటు దగ్గర నిలబడి ఉంది. వెళ్లేటప్పుడు దయచేసి ఎవరూ ఆమెకు బోధ చేయకండి. అన్నం తిన్నావా అని అడగండి, చాలు.