సరస్ అడిగిన ప్రమాణం

రెడ్‌హిల్‌లో సరస్ నోటికి జడవనివాళ్లు లేరు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు నడుం వంచుకుని బతికిన మనిషి, సూపర్‌వైజర్లనే నిలబెట్టి కడిగేసేది. కూతురు కిమంతను అల్లుడు డెస్మండ్ మెట్ల మీంచి తోసి చంపాడని కేసు నడిచింది. చూసినవాళ్లు లేరు. కోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసింది.

మళ్లీ కేసు వెయ్యమని సరస్ లాయరు ప్రాణం తోడేసింది. ఒకే నేరానికి మనిషిని రెండుసార్లు నిలబెట్టకూడదని కొత్త రాజ్యాంగం కూడా అంటోంది అన్నాడాయన. తెల్లారకముందే వరసలో నిలబడి బతుకులో మొదటిసారి ఓటేసింది ఇందుకేనా అని ఆ రాజ్యాంగం రాసినవాళ్లను ఏడు తరాల దాకా తిట్టింది.

అన్న మునుస్వామి మాత్రం లాయరు పక్షమే. తెల్లవాళ్ల పాత ప్రభుత్వం రోజుల్లో దానికి ఎదురుగా కరపత్రాలు పంచాడని అతన్ని పట్టుకున్నారు. కోర్టు వదిలేస్తే, గుమ్మం దాటకముందే పోలీసులు అదే నేరానికి మళ్లీ పట్టుకుపోయారు. తిరిగొచ్చేసరికి భార్య పోయింది.

"ఒక్కపాలి అంటే ఒక్కపాలే సెల్లీ. రెండోపాలిది కోర్టు కాదు, పగ."

"అయితే వాణ్ణి కర్పూరం ఆర్పమను."

తాతలు ఓడెక్కి కూలికి వచ్చిన కాలంలో చెరకు తోటల బ్యారక్సుల్లో తగువులు అలాగే తెగేవి. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి నిజం చెప్పాలి. ఆ తరవాత అందరూ ఒకే పంక్తిలో తినాలి, ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. నిజం బయటపడితే అయినవాళ్లే వాణ్ణి వెలివేస్తారని సరస్ ఆశ. పిచ్చి తల్లి! మారుపెళ్లికి మాట రాకుండా ఉంటే చాలని డెస్మండ్ వెంటనే ఒప్పుకున్నాడు.

తొంభై ఆరులో, కిమంత రెండో తద్దినం నాడు, బంధువులందరి ముందు అతను కర్పూరం మీద చెయ్యి పెట్టి నొక్కాడు. అబద్ధమాడటానికి దేవుడంటే భయం. నిజం చెప్పడానికి ఇంకెవరంటే భయం?

"నేనే తోసీసినాను. కిందపడ్డాక బతికే ఉంది. నీళ్లు అడిగింది. నేనియ్యలేదు."

సరస్ గుండె చెరువైపోయింది. అన్న వైపు చూసింది. మునుస్వామి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే అరిటాకులు పరిచాడు.

"నిజం సెప్పినాడు. నువ్వడిగినదే కదా. ఇంక లేదు సెల్లీ, వడ్డించు."

ఒక్కరైనా లేచి పోతారని చూసింది. ఎవరూ కదల్లేదు. నిజం ఒప్పుకుంటే పాత ప్రభుత్వపు హంతకుల్నే దేశం క్షమిస్తున్న రోజులు, మనమేం తక్కువ తిన్నాం అనుకున్నారు కాబోలు పెద్దమనుషులు! బుద్ధిగా ఆకుల ముందు కూర్చున్నారు, డెస్మండ్ వాళ్ల మధ్య కూర్చున్నాడు.

సరస్‌కి అతని ముఖం మీద ఉమ్మాలనిపించింది. కానీ ఈ తీర్పు ఆమె నోరారా అడిగి తెచ్చుకున్నది, దీనికి పై కోర్టు లేదు. వంగి అతని ఆకులో అన్నం పెట్టింది, పప్పు వేసింది.

"ఇంకాస్త ఎయ్యి అత్తా" అన్నాడు.

ఇంకాస్త వేసింది.