ఉప్పు తెలియని నాలుక

ఆ రోజుల్లో నా నాలుకకు ఉప్పునీళ్లేవో మంచినీళ్లేవో తెలియదంటే, ఇప్పుడు నా దగ్గర క్యాన్లు కొనేవాళ్లు నమ్మరు. (నమ్మకపోవడమే మంచిది, వ్యాపారం కదా.) ఎనిమిదో తరగతిలో బడి నన్నూ, నేను బడినీ ఒకే వారంలో వదిలేసుకున్నాక, జమ్మలమడుగు దగ్గర గనిలో కొన్నాళ్లు నాపరాళ్లు మోశాను. తర్వాత మా మేనమామ మాటసాయంతో హెలికాప్టర్ ఎక్కి, నడిసముద్రంలో గ్యాసు తీసే ఇనుప మేడ మీద దిగాను. సముద్రపు నీటిని తాగే నీళ్లుగా మార్చే యంత్రానికి కాపలా ఉండటం నా పని. కనుచూపు మేరా నీళ్లే. చుట్టూ ఉన్నవాళ్లది హిందీ, నాకు రాదు. అందుకని పొద్దున్నే యంత్రాన్నే పలకరించేవాణ్ణి. "ఏమప్పా, తిన్న్యావా?" అది గుర్రుమనేది. రోజంతటికీ నా ముచ్చట అదే.

తెలుగు వచ్చినవాడు మా మేస్త్రీ ఒక్కడే, గోదావరి ఆయన. అవసరానికి మించి మాట్లాడడు. ఒకరోజు నీళ్లలో ఉప్పెంతుందో చూపించే మీటరు చెడిపోయింది. కొత్తది పడవ మీద రావాలి. ఆయనకేమో జలుబు చేసి నాలుక చచ్చిపోయింది.

"ఒరేయ్ సీమోడా, గంటకోసారి నోట్లో పోసుకుని చూడు. ఉప్పు తగిలిందనుకో, ఆ వాల్వు తిప్పి సముద్రంలోకి వదిలెయ్యి. తగల్లేదా, ట్యాంకులోకి పోనీ."

"అదెంత పనిలేన్నా," అన్నాను.

సాయంత్రానికి నీళ్లు మారాయి. అంతవరకూ చప్పగా, ఎవరివీ కానట్టుండేవి కాస్తా, మా వీధి బోరు కింద దోసిలి పట్టినట్టున్నాయి. నెల తర్వాత మొదటిసారి ఊళ్లో ఉన్నట్టనిపించింది. నాలుగు గ్లాసులు తాగి, మిగతావి సంతోషంగా ట్యాంకులోకి పంపాను.

మర్నాడు పొద్దున అందరూ టీ ఊసేసి, చక్కెర బదులు ఉప్పు వేశావంటూ వంటాయన మీద పడ్డారు. పాపం ఆయన చక్కెర డబ్బా పట్టుకుని ఒక్కొక్కరికీ చూపిస్తున్నాడు. నేను మూల కూర్చుని రెండో గ్లాసు ఊదుకుంటున్నాను. మేస్త్రీ చూపు నా మీద ఆగింది.

"నీకు ఉప్పగా లేదట్రా?"

"ఇదేం ఉప్పన్నా, మా బోరు నీళ్లు ఇంతకన్నా శానా ఎక్కువుంటాయి."

చెప్పాక గానీ నాకూ అర్థం కాలేదు, ఏం చేశానో.

ట్యాంకంతా పారబోశారు. రెండు రోజులు ఎవరికీ స్నానాల్లేవు. పెద్ద ఆఫీసరు పిలిచేసరికి, మళ్లీ గనే గతి అనుకుని బట్టలు సర్దుకున్నాను. మేస్త్రీ నాకంటే ముందు లోపలికి వెళ్లి, "మీటరు లేకుండా నడిపించింది నేనండి. వాడి నాలుక వాళ్లూరిదండి, వాడేం చేస్తాడు," అన్నాడట. ఉద్యోగం నిలబడింది. వంటాయనకు నేనే వెళ్లి చెప్పుకున్నాను. వారం రోజులు నా టీలో చక్కెర పడలేదు.

అప్పటినుంచి మేస్త్రీ రోజూ మూడు గ్లాసులు పెట్టి, ఉప్పు ఏది అని అడిగేవాడు. (నేను పాసైన బడి అదొక్కటే.) పాఠం అయ్యాక ఆ ఉప్పు గ్లాసు నా వైపు జరిపేవాడు. "ఇది నీకు. బెంగ తీరాక పనిలోకి రా."

సెలవుకు ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లు నోట్లో పోసుకుని ఊసేశాను.

"ఏమాయరా నీకు? ఈ నీళ్లు తాగే గదా ఇంత ఎత్తు పెరిగినావు."



ఇప్పుడు ప్రొద్దుటూరులో నాది క్యాన్ల నీళ్ల ప్లాంటు. మీటరుంది, అయినా నాలుకతోనే చూస్తాను. ఒక్కోరోజు శుద్ధి చేయని బోరు నీళ్లు ఒక గ్లాసు పట్టుకుంటాను. ఆ ఉప్పుకు ఇప్పుడు ఊరు గుర్తురాదు. నడిసముద్రంలో యంత్రాన్ని తిన్న్యావా అని అడిగే ఆ ఒంటరివాడు గుర్తొస్తాడు. ఈ గ్లాసు వాడి చేతికందితే ఎంత సంబరపడేవాడో అనుకుంటాను. పారబోయడానికి మనసొప్పక, మొహం ముడుచుకునే తాగేస్తాను.