నలభై ఇళ్ళ లెక్క

ఇన్సాఫ్ ఈజిప్టులోని సోహాగ్‌లో గణాంకాల ఆఫీసు గుమాస్తా. ఎవరో తెచ్చిన అంకెలకు పదకొండేళ్ళు నకళ్ళు రాసింది. ముప్పై అయిదో ఏట, ఇంట్లోవాళ్ళు ముక్కున వేలేసుకుంటున్నా, గణాంక నిపుణుల శిక్షణలో చేరింది. రెండేళ్ళలో పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక పల్లెటూళ్ళో చీటీలు తీసి ఎంచిన నలభై ఇళ్ళ సర్వే. గురువారంలోగా ఇస్తే పట్టా, పెద్ద ఉద్యోగం. లేదంటే ఏడాది ఆగాల్సిందే.

సోమవారం ఆ ఊళ్ళో అడుగు పెట్టగానే, అక్కడివాళ్ళు ఉమ్దా అని పిలిచే ఊరిపెద్ద అబ్దుల్ మౌజూద్ ఆమెను తన చావడిలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"ఎండలో ఇల్లిల్లూ తిరగడమేంటమ్మా? ఊరంతా నాకు కంఠతా. నే చెప్తా, నువ్వు రాసుకో."

కాదంటే పెద్దాయన్ని అవమానించినట్టే. మొహమాటానికి రాసింది. సాయంత్రానికి నలభై ఫారాలూ నిండిపోయాయి.

బస్సులో కూడి చూసింది. పదేళ్ళలోపు మగపిల్లలు యాభై ఎనిమిది మంది, ఆడపిల్లలు పద్నాలుగు మంది! అక్కడి మగవాళ్ళు పరాయివాళ్ళ ముందు కూతుళ్ళ ఊసెత్తరు. ఆ సంగతి తనకు తెలియనిదా? తన తండ్రి మాత్రం ఎత్తాడా? "ఛీ, బుద్ధిలేనిదాన్ని" అని తిట్టుకుంది.

మర్నాడు చావడి వైపు చూడకుండా పెరటి దారిన పొయ్యిల దగ్గరికే నడిచింది.

"మళ్ళీ వచ్చావేం? మా ఉమ్దా లెక్క నచ్చలేదా?" అంటూ రొట్టెలు కాలుస్తున్న ఆడవాళ్ళు నవ్వారు.

"నచ్చింది గానీ అక్కా, అందులో మీ ఆడపిల్లలు లేరు."

గురువారం పొద్దుటికి ఇరవై రెండిళ్ళే అయ్యాయి. ఇరవై మూడోది ఉమ్దా ఇల్లే. అతను రాయించింది ముగ్గురు కొడుకుల్ని. అతని భార్య పిండి అంటిన చేతివేళ్ళు మడుస్తూ నలుగురు కూతుళ్ళ పేర్లూ చెప్పింది. ఇంతలో గుమ్మంలో ఉమ్దా!

"నా టీ తాగి నాకే ఎసరు పెడతావా? నా ఇంటి ఆడపిల్లల్ని కాగితాలకెక్కిస్తావా?"

ఇన్సాఫ్ కలం వదల్లేదు. "కోప్పడితే కోప్పడండి బాబాయ్. పిల్లలెంతమందో తెలీకపోతే బడిలో ఎన్ని గదులు కడతారు?"

"పెద్ద చెప్పొచ్చావ్!"

"నలుగుర్నీ కన్నది నేను. నువ్వు రాసుకో తల్లీ," అంది భార్య. ఉమ్దా గొణుక్కుంటూ బయటికి పోయాడు.

సాయంత్రం శిక్షకుడు రిఫాత్ తల పట్టుకున్నాడు. "నిండిన నలభై ఫారాలు పక్కన పెట్టి ఇరవై మూడు తెచ్చావా? పిచ్చిదానా! ఈ ఏడు పట్టా లేదు. మిగతావి ఇప్పుడు తెచ్చినా లెక్కలోకి రావు."

ఇన్సాఫ్ వరండాలో నిలబడి కసితీరా ఏడ్చింది. శనివారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కింది. ఇరవై నాలుగో ఇంటి తలుపు తట్టి, "అక్కా, మీకు ఆడపిల్లలెందరు?" అని అడిగింది.