లెన్నాక్స్ పాడనన్న పాట

ఐర్లండ్‌లోని డండాక్‌లో నేను ముసలివాళ్ళని చూసుకునే కేరర్‌గా పనిచేసే నర్సింగ్ హోమ్‌లో ఈ రోజు ఒక పెద్దావిడ తొంభయ్యో పుట్టినరోజు చేశాం. మా వంటగదిలో గిన్నెలు కడిగే లెన్నాక్స్‌ది జమైకా. వయసులో ఉండగా అక్కడి రెగే బాణీలో సొంత పాటలతో రెండు రికార్డులు తెచ్చాడు. ఎవరూ కొనలేదు. అయినా పాటలు కట్టడం మానలేదు.

కేక్ కోశాక మేనేజర్ అతన్ని పిలిచి, గిటార్ చేతికిచ్చి, లోకమంతా ఎరిగిన ఒక రెగే పాట పాడమంది.

"అది నాది కాదు మేడమ్. నాది పాడతాను."

"నీ పాటలు ఎవరికి తెలుసు లెన్నాక్స్?"

"వింటే కదా తెలిసేది," అని ఏప్రన్ అయినా విప్పకుండా తన పాటే మొదలుపెట్టాడు.

ముగ్గురే చప్పట్లు కొట్టారు. పెద్దావిడ మాత్రం, "గ్రాండ్. ఇంకోటి కానీ అబ్బాయ్," అంది. అబ్బాయికి అరవై దాటాయి.

మేనేజర్ మొహం మాడ్చుకుని, "ఇక ముందు పార్టీల్లో నిన్ను పాడనివ్వను," అంది.

"అయితే ఉన్నవన్నీ ఇప్పుడే పాడేస్తాను," అని రెండోది అందుకున్నాడు. ఏడు పాడాడు.

మా ఊళ్ళో బుర్రకథ వాళ్ళని మధ్యలో ఆపి సినిమా పాట అడిగిన వాళ్ళలో నేనూ ఉన్నాను. మీరూ అడిగే ఉంటారు, ఒప్పుకోండి.