నర్సవ్వత్త పాట, నా నాలుగు ఫోన్లు

నర్సవ్వత్తకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఆమె పాటకు తొలిరోజు వచ్చిన వ్యూస్‌లో చాలావరకు నావే. సిగ్గేసి డైరీలో కూడా రాసుకోలేదు. నిన్న ఇచ్చోడలో బస్సు ఆగినప్పుడు టీకొట్టు స్పీకర్లో ఆ పాటే వచ్చింది. వినగానే బీడీలకు నానబెట్టిన తునికాకు వాసన ముక్కుకు తగిలినట్టయింది. తల దించుకుని నవ్వుకున్నాను.

ఖానాపూర్‌లో మా పక్కిల్లు నర్సవ్వత్తది. చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, తను కట్టిన పాటలు పాడేది. నలుగురిలో నోరు విప్పని నేను ఆమె దగ్గర మాత్రం గంటలకొద్దీ కూర్చుని ఆ పాటలు రాసుకునేదాన్ని. స్టూడియోలో పాడాలన్నది ఆమె కోరిక. కరీంనగర్‌లో ఒక స్టూడియో ఆయనకు ఫోనులో ఆమె గొంతు వినిపించాను.

"గొంతు మంచిగుందక్కా. ముందుగాల మీరే యాప్ల ఒక పాట పెట్టుండ్రి. మూడు దినాలల్ల ట్రెండింగ్ లిస్టుల కనవడ్తే, తర్వాతది మా స్టూడియోల చేద్దాం" అన్నాడాయన.

"గా లిస్టుల పేరు ఎవలు రాస్తరే?" అని నన్నడిగింది అత్త.

"ఎవ్వరు రాయరత్తా. మస్తు మంది వింటే అదే ఎక్కుతది. ఎక్కినంక ఇంకింత మంది వింటరు."

"అంటే నలుగురు ఇన్నదే నలభై మందికి ఇనిపిస్తరన్నట్టు. మంచిగుంది కథ!"

అత్త పాటను ఫోనులో రికార్డు చేసి యాప్‌లో పెట్టాక, ఆ నలుగురిని నేనే తయారుచేశాను. అవ్వ ఫోను, బాపు ఫోను, నాది, చిన్నాయన దుబాయి నుంచి తెచ్చిన పాతది. ఇంట్లోవాళ్లకు వినపడకుండా సౌండు తీసేసి, పాటను ఆగకుండా తిప్పాను. వేడెక్కితే కింద తడిబట్ట పరిచాను. వినేవాళ్లు పాటను ఎక్కడ వదిలేస్తున్నారో చూపించే గీత ఒకటి యాప్‌లో ఉంటుంది. అది ఎక్కడా కిందికి దిగలేదు. నేను మురిసిపోయాను.

రెండోరోజు అగ్గిపెట్టె కోసం వచ్చిన అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. "గిదేందే! ఫోన్లకు జరమొచ్చిందా, తడిబట్ట ఏసినవ్?"

నసుగుతూ నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు. "మరి నువ్వెన్నిసార్లు ఇన్నవ్?" అని మాత్రం అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. "ఒక్కపారి గూడ ఇనలే? ఇంక ఎవలు ఇన్నరే, గోడలా?" అంటూ నవ్వీ నవ్వీ కింద కూలబడింది. తర్వాత సౌండు పెట్టించి, కళ్లు మూసుకుని విన్నది. రెండో చరణం దగ్గర చెయ్యెత్తింది.

"ఆపు. గీడ ఉరుకుతున్న. దమ్ము సాల్తలేదు నాకు."

మూడోరోజు యాప్ సంగతి పసిగట్టి నా దొంగలెక్కంతా తీసేసింది. మిగిలిన గీత సరిగ్గా ఆ చరణం దగ్గరే జారిపోయి ఉంది. విన్న కొద్దిమందీ అక్కడే లేచి వెళ్లారు. నా నాలుగు ఫోన్లు ఆ సంగతి కనబడకుండా చేశాయి. గడువు దాటింది. స్టూడియో నుంచి ఫోన్ రాలేదు. నేనే ఏడ్చాను, ఆమె కాదు.

"ఏడ్సుడు ఆపు. మల్ల పాడుదాం. నేను దమ్ము తీస్కునేకాడ నువ్వు అందుకో" అన్నది.

సిగ్గుతో గోడవైపు తిరిగి అందుకున్నాను. అలా ఇద్దరం మళ్లీ పాడినదాన్ని యాప్‌లో పెట్టాను. బీడీ కార్ఖానాలో ఆడవాళ్లు ఆ పాట పెట్టుకుని పని చేసేవాళ్లు. గల్ఫ్‌లో ఉన్న తమవాళ్లకు పంపేవాళ్లు. నెల తిరిగేసరికి పాట లిస్టు అడుగున కనిపించింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో పాటలు అప్‌లోడ్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. రోజంతా అంకెలే చూస్తాను. అయినా ఏ పాటనైనా పెట్టేముందు కళ్లు మూసుకుని ఒకసారి పూర్తిగా వింటాను. ఎక్కడ ఆయాసపడుతుందో చెవికే ముందు తెలుస్తుంది.

లిస్టులో పాట చూసి స్టూడియో ఆయన మళ్లీ ఫోన్ చేసిన రోజు ఇప్పటికీ గుర్తే. "మీరొక్కరు రాండ్రి అక్కా, కోరస్ పిల్లలు మా దగ్గరున్నరు" అన్నాడు అత్తతో. నాకు ప్రాణం లేచొచ్చింది. "నువ్వు పోయిరా అత్తా, నాకు భయం" అన్నాను. ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టి, నా రెక్క పట్టుకుని లేపింది.

"నా దమ్ము ఆగేకాడ నువ్వు లేకుంటే ఎట్లనే? పా, బస్సు పోతది."